తండ్రి 'దండ్రి'గా వినబడు చోటు

హైదరాబాదు గుడిమల్కాపూరునందు పూలకు, కూరగాయలకు పేరొందిన మార్కెట్టు కలదు. అచట 'కూరగాయలు' అను మాట పలుకనివా రుండరు. ఆ మాటలో నున్నవి కూర, కాయలు. అయినను 'కూరకాయలు' అని యెవరును అనరు. నడుమ ఊపిరి ఆపితిమా, కకారము మరల వచ్చును. తల్లి, తండ్రి అని విడివిడిగా చెప్పినపుడు తకారము. ఒక్క ఊపున 'తల్లిదండ్రులు' అన్నపుడు దకారము.

దీనికే మన వైయాకరణులు గసడదవాదేశమని పేరిడిరి. 1858 నాటి బాలవ్యాకరణమున చిన్నయసూరి దీనిని సూత్రీకరించెను. 'వాడు కొట్టె' అనునది 'వాడు గొట్టె' యగును. బడిలో మనము దీనిని వల్లించితిమే కాని, ఇది చెవికి సంబంధించిన సంగతి యని తలచినవారము కాము. సూరికి రెండేండ్ల ముందే, 1856లో, కాల్డ్వెల్ ద్రావిడభాషలలో, ముఖ్యముగా తమిళమున, మాట మొదట పరుషముగా నుండు హల్లు అచ్చుల నడుమ సరళమగునని వ్రాసెను. తమిళలిపి రెంటికిని ఒక్క అక్షరమే వాడును. తెలుగులిపి మాత్రము చెవి విన్నదానిని వేరుగా వ్రాసికొనెను.

కొరియనుభాషలోను ఇట్టిదే కలదు. 1446లో సెజోంగ్ రాజు ప్రకటించిన లిపిలో దంపతులను తెల్పు 'పుబు' అను మాటను ఒకే హల్లుతో రెండుమార్లు వ్రాయుదురు; మొదటిది పకారముగను, రెండవది బకారముగను వినబడును. ఇరువదవ శతాబ్ది ఆరంభమున హల్బర్ట్ అను అమెరికను కొరియనును ద్రావిడభాషలతో పోల్చి ఏకముగ ఒక వ్యాకరణమే వ్రాసెను! ఆ చుట్టరికమును నేటి పండితు లంగీకరింపరు. ఈ పోలిక మాత్రము ముచ్చటైనది. కొరియనున ఈ మార్పునకు హద్దు పదము కాదనియు, ఒక్క రాగపుటూపులో పలుకబడు పదబంధమే హద్దనియు 1993లో సున్-ఆ జున్ నిరూపించెను. స్వరపు ఎత్తుపల్లములను బట్టియు అచటి శ్రోతలు మాటల మొదళ్లు పోల్చుకొందురని 2009లో కిమ్, చో అను పరిశోధకులు చూపిరి.

మన తాళపత్రములలో మాటల నడుమ ఎడము లేదు. మారిన అక్షరమే ఏ మాట దేనితో కలిసినదో తెల్పెడిది. అచ్చు వచ్చి ఎడములు తెచ్చెను. గిడుగు రామమూర్తి (1863–1940) ఉద్యమముతో వాడుకభాష రచనలోనికి వచ్చెను. 'వాడు గొట్టె' వాక్యమునుండి తొలగి, సమాసములలో మాత్రమే ఆ పలుకు మిగిలెను. ఇది మంచికే జరిగినదని మా అభిప్రాయము. అయితే బరువు గొంతుపై పడినది. 'అన్నదమ్ములు వచ్చిరి' అన్న ఒక అర్థము. 'అన్న, తమ్ములు వచ్చిరి' అన్న మరొకటి. కామా మైకునకు కనబడదు. వార్తలు చదువువారు దానిని విరామముతోనే వినిపింపవలెను.

పద్యము చదువువారికి చిక్కు ఇంకను హెచ్చు. తెలుగు యతి అక్షరమైత్రియే కాని ఆగుచోటు కాదు. 'పూచెను గలువలు' అనుచోట 'పూచెను' వద్ద ఊపిరి తీసికొన్నచో, రేడియో ముందున్న శ్రోతకు 'గలువలు' అను వింతపూలు వినబడును.