పొద్దున వణుకు.. మధ్యాహ్నం మంట.. సాయంత్రం వడగళ్లు: జైనూర్ ఘాట్ దారుల్లో సైకిల్ తొక్కాలంటే ఏం వేసుకోవాలి?

శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మన పెద్దల మాట. హైదరాబాద్‌లో ఉంటే అది నిజమే అనిపిస్తుంది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ వైపు మాత్రం చలి అంత తొందరగా వదలదు. ఫిబ్రవరి చివర్లో, మార్చి మొదట్లో పొద్దున్నే స్వెట్టర్ వేసుకుని టీ కొట్టు దగ్గర చేతులు రుద్దుకునే మనిషే పదకొండయ్యేసరికి నీడ వెతుక్కుంటాడు. ఒకే రోజులో 15 డిగ్రీలకు పైగా తేడా రావడం ఇక్కడ కొత్తేమీ కాదు. దానికి తోడు సాయంత్రం మబ్బు పట్టిందంటే ఈదురుగాలి, ఒక్కోసారి వడగళ్లు కూడా!

కారులో వెళ్లేవాళ్లకు ఇదంతా పెద్ద విషయం కాదు, అద్దం ఎత్తితే సరిపోతుంది. సైకిల్ మీద అలా కుదరదు. అందుకే ఈ సీజన్‌లో ఏం వేసుకోవాలన్నది ఫ్యాషన్ ప్రశ్న కాదు, సేఫ్టీ ప్రశ్న.

ఇక్కడి చలి లెక్కే వేరు

చలికాలంలో రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతల జాబితా వచ్చిందంటే పక్క మండలం సిర్పూర్-యు పేరు తరచూ అందులో ఉంటుంది. కారణం సింపుల్. గాలి పొడిగా ఉండి, ఆకాశంలో మబ్బు లేకపోతే పగలు నేల పట్టుకున్న వేడంతా రాత్రికి పైకి పోతుంది. చల్లగాలి బరువెక్కువ కాబట్టి గుట్టల మీద నుంచి కిందికి జారి వాగుల దగ్గర, లోయల్లో నిలబడిపోతుంది. పొద్దున ఆరింటికి సైకిల్ మీద వెళ్తుంటే ఈ తేడా ఒంటికి తెలుస్తుంది. రోడ్డు వాగులోకి దిగగానే ఒళ్లు జలదరిస్తుంది, గడ్డ ఎక్కగానే మళ్లీ మామూలే.

అదే పొడిగాలి వల్ల సూర్యుడు రాగానే వేడి కూడా అంతే స్పీడ్‌గా పెరుగుతుంది. మరో సంగతి బయటివాళ్లకు తట్టదు. మ్యాప్‌లో పచ్చగా కనిపించే ఈ అడవి దారిలో మార్చి నాటికి నీడ ఉండదు. టేకు చెట్లు ఆకు రాల్చేస్తాయి. మోదుగ పూలు చూడ్డానికి బాగుంటాయి కానీ ఎండను ఆపవు.

అసలు ప్రమాదం ఘాట్ దిగేటప్పుడే

ఆసిఫాబాద్ నుంచి జైనూర్ వచ్చే దారిలో కెరమెరి ఘాట్ ఉంటుంది. కుమురం భీం అమరుడైన జోడేఘాట్‌ను, జైనూర్ మండలం మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులను చూడ్డానికి సైకిల్ మీద వచ్చేవాళ్లు కూడా ఈ గుట్టల దారులనే నమ్ముకోవాలి.

ఘాట్ ఎక్కేటప్పుడు స్పీడ్ గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు కూడా దాటదు. గాలి తగలదు, ఒళ్లంతా చెమట. పైకి చేరి దిగడం మొదలుపెట్టగానే కాళ్లకు పని ఉండదు, ఒంట్లో వేడి పుట్టదు, ఎదురుగాలి మాత్రం 40 కిలోమీటర్ల వేగంతో కొడుతుంది. పది నిమిషాల కిందటి చెమటే ఇప్పుడు చన్నీళ్ల స్నానం అవుతుంది. చాలామంది ఎత్తు వల్ల చలేసిందనుకుంటారు. కానీ వెయ్యి మీటర్లు పైకి వెళ్తే తగ్గేది దాదాపు 6.5 డిగ్రీలు. కెరమెరి అంత ఎత్తేమీ కాదు. అక్కడ వణికించేది తడి బట్ట, గాలి.. ఈ రెండూ కలిసి.

వణుకు వరకైతే పర్వాలేదు. కానీ వేళ్లు మొద్దుబారితే బ్రేక్ ఎంత గట్టిగా పట్టుకున్నామో తెలియదు. మలుపులో లారీ ఎదురైనప్పుడు ఆ అర సెకను చాలా ఖరీదు. కాబట్టి ఈ సీజన్‌లో ఒక్కటే కొనగలిగితే స్వెట్టర్ కాదు, పల్చటి విండ్‌చీటర్ కొనాలి. మడిస్తే పిడికిలంత అవుతుంది, జేబులో పడుతుంది. ఎక్కేటప్పుడు జేబులోనే ఉంచాలి. పైన ఆగి, ఊపిరి తీసుకుని, దిగేముందు వేసుకోవాలి. సగం దిగాక చలేసి ఆగితే అప్పటికే ఒళ్లు చల్లబడిపోయి ఉంటుంది. వేళ్లకు పల్చటి ఫుల్ గ్లోవ్స్ ఉంటే ఇంకా మంచిది.

విండ్‌చీటర్ లేదా? పాత న్యూస్‌పేపర్ చాలు! ఇది జోక్ కాదు. టూర్ డి ఫ్రాన్స్‌లో కొండ మీద అభిమానులు ఇచ్చిన పేపర్లను జెర్సీ లోపల ఛాతీకి అడ్డంగా పెట్టుకుని దిగడం రైడర్లకు పాత అలవాటు. కెరమెరి ఘాట్‌లో కూడా పేపర్ అదే పని చేస్తుంది.

కాటన్ మంచిదా, చెడ్డదా?

ఎండాకాలం కాటనే వేసుకోవాలని అందరం వింటూ పెరిగాం. అది సగమే నిజం. సాధారణ వాతావరణంలో కాటన్ తన బరువులో దాదాపు 8.5 శాతం తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ 0.4 శాతమే. చెమటకు తడిసిన కాటన్ బనియన్ ఎంతసేపటికీ ఆరదు. మధ్యాహ్నం పొడి ఎండలో చదును రోడ్డు మీద అది లాభమే, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. అదే బనియన్‌తో పొద్దున ఘాట్ దిగితే వణుకు గ్యారంటీ.

అందుకే పొద్దున బయల్దేరేవాళ్లకు ఒంటికి ఆనుకుని ఉండే బట్ట చెమట త్వరగా ఆరేదై ఉండాలి. అంటే బ్రాండెడ్ జెర్సీయే అక్కర్లేదు. వాలీబాల్, కబడ్డీ టీమ్‌లు వేసుకునే స్పోర్ట్స్ టీషర్ట్ చాలు. సైకిల్ జెర్సీకి ఉన్న అసలు లాభం వెనక ఉండే మూడు జేబులు. తీసేసిన స్లీవ్స్, విండ్‌చీటర్ అందులో పెట్టుకోవచ్చు. స్వెట్టర్ తీసి హ్యాండిల్‌కు కట్టుకునే అలవాటు మాత్రం మానాలి. జారి చక్రంలో పడితే మనిషి ముందుకు ఎగిరి పడతాడు. చున్నీకి, కండువాకు, వదులు ప్యాంటు అంచుకు కూడా ఇదే వర్తిస్తుంది. చున్నీని నడుముకు బిగించి కట్టుకోవాలి. చైన్ వైపు ప్యాంటును ఒక రబ్బర్ బ్యాండ్‌తో బిగిస్తే పోతుంది.

ఆర్మ్ స్లీవ్స్ గురించి కూడా చెప్పాలి. పొద్దున చేతులకు చలి ఆపుతాయి, మధ్యాహ్నం తెల్లవైతే ఎండ ఆపుతాయి. వేడెక్కితే సైకిల్ ఆపకుండా మణికట్టు దాకా లాగేయొచ్చు. రెండు రకాల వాతావరణానికి ఒకే వస్తువు కావాలంటే ఇంతకన్నా చవకైంది దొరకదు.

ఇక ప్యాడెడ్ షార్ట్స్. దూరం వెళ్లేవాళ్లకు తప్పనిసరి. లోపల డ్రాయర్ వేసుకోకూడదు. కుట్లు ఒరుసుకుని పుండ్లు పడేది దాని వల్లే. ఊళ్లలో బిగుతు లైక్రాతో తిరగడం ఇబ్బంది అనిపిస్తే పైన వదులు నిక్కర్ వేసుకుంటే సరి, ప్యాడ్ పని ప్యాడ్ చేస్తుంది.

బయల్దేరేటప్పుడు కాస్త చలేయాలి

అనుభవం ఉన్న సైక్లిస్టులు పాటించే రూల్ ఇది. ఇంటి ముందు నిలబడ్డప్పుడు వెచ్చగా ఉందంటే బట్టలు ఎక్కువయ్యాయన్నట్టే. తొక్కడం మొదలుపెట్టిన పది, పదిహేను నిమిషాల్లో ఒళ్లు తనే వేడెక్కుతుంది. మందపాటి జర్కిన్, మంకీ క్యాప్ వేసుకుని బయల్దేరితే ఘాట్ మొదలయ్యే లోపే లోపలంతా తడి. హెల్మెట్ కింద పల్చటి దస్తీ కట్టుకుంటే చాలు. పొద్దున చెవులకు చలి తగలదు, తర్వాత చెమట కళ్లలోకి కారదు.

ఎండెక్కాక మాత్రం బట్టల మీద మరీ భరోసా పెట్టుకోవద్దు. లేత రంగు, ఫుల్ స్లీవ్స్, మెడ కప్పే గుడ్డ.. ఇవి ఎండను తగ్గిస్తాయే తప్ప ఆపవు. మార్చి సగం దాటితే 11 గంటల లోపు రైడ్ ముగించడమే మంచిది. తోటి రైడర్ మాట తడబడుతున్నా, తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ కావచ్చు. చెమట పడుతోంది కదా అని వదిలేయొద్దు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోస్తూ 108కి కాల్ చేయాలి.

మబ్బు పడితే..

2023 మార్చిలో కురిసిన వడగళ్ల వానలు గుర్తున్నాయా? రాష్ట్రంలో పలు జిల్లాల్లో పంటలు దెబ్బతిని, అప్పటి ప్రభుత్వం ఎకరాకు 10 వేల రూపాయల సాయం ప్రకటించింది. ఈ సీజన్ వాన ఎలా ఉంటుందో అది చూస్తే తెలుస్తుంది.

ఇలాంటి వానకు మందపాటి రెయిన్‌కోట్ పెద్దగా పనికిరాదు. బయట వాన ఆగినా లోపల చెమట ఆగదు. తడవడం ఎలాగూ తప్పదు. తడిసిన ఒంటికి గాలి తగలకుండా చూసుకోవడమే అసలు పని, దానికి అదే విండ్‌చీటర్ చాలు. రంగు నల్లది, ముదురు నీలం వద్దు. మోదుగ పూసిన అడవిలో ఆరెంజ్ కన్నా నిమ్మపండు రంగు డ్రైవర్లకు దూరం నుంచే కనిపిస్తుంది. ఒక పొడి బనియన్, ఫోన్ పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టుకుంటే ఆగిన చోట మార్చుకోవచ్చు.

పిడుగు దగ్గర ఏ డ్రెస్సూ కాపాడదు. మెరుపు కనిపించిన 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే సైకిల్ ఆపి పక్కా ఇంట్లోకి వెళ్లాలి. చెట్టు కిందికి కాదు! చివరి ఉరుము వినిపించాక మరో 30 నిమిషాలు అక్కడే ఉండాలి. పుణెలోని ఐఐటీఎం తయారు చేసిన దామిని యాప్ దగ్గర్లో పిడుగులు పడే ముప్పు ఉంటే అలర్ట్ ఇస్తుంది. కాకపోతే గుట్టల మధ్య సిగ్నల్ పోతుంది కాబట్టి బయల్దేరే ముందే ఒకసారి చూసుకోవాలి. జిల్లా మొత్తానికి ఇచ్చే వాతావరణ సూచన చూసి ఊరుకోవద్దు. జైనూర్‌లో ఎండ కాస్తుండగానే కెరమెరిలో వాన పడొచ్చు.