ఓడ యెక్కుటకు ముందు: విహారనౌకా కంపెనీల పోటీ చరిత్ర

నేడు నేను ప్రసంగింప దలచిన విషయము విహారనౌకాయాత్రయు, దానిని నడపు కంపెనీల పోటీయు. ఉద్యోగము కొఱకు గాని వ్యాపారము కొఱకు గాని కాక, కేవలము వేడుకకై కుటుంబముతో ఓడ యెక్కి, నాలుగు రేవులు చూచి, బయలుదేరిన చోటికే మరలి వచ్చుటను విహారయాత్ర యందురు. పల్లెలో సేద్యము చేసికొను మనకు దీనితో నేమి పని యని మీరు తలపవచ్చును. పని కలదు. మన గ్రామముల బిడ్డలు నేడు హైదరాబాదునను, సింగపూరునను, అమెరికాలోను కొలువులు చేయుచున్నారు. సెలవులు వచ్చినపుడు ముసలి తలిదండ్రులను, పసిపిల్లలను వెంటబెట్టుకొని ఓడ యెక్కవలెనని వారికి కోరిక పుట్టుట సహజము. 2022లో విహారనౌక యొకటి విశాఖపట్టణమునకు వచ్చి ప్రయాణికులను పుదుచ్చేరికిని, చెన్నపట్టణమునకును గొనిపోయినది. 2023లో ఆ రేవున ఇట్టి ఓడల కొఱకే ప్రత్యేకమైన ఘట్టము తెఱవబడినది. కావున ఏ కంపెనీ ఓడ యెక్కుదము అను ప్రశ్న మన అరుగుల మీదికి గూడ వచ్చినట్లే. ఆ ప్రశ్నకు రంగురంగుల ప్రకటనల కంటె చరిత్రమే మంచి సమాధానము చెప్పునని నా నమ్మకము.

ఆవిరి యోడలు మహాసముద్రమును దాటుట ఆరంభమైన దినములలో, ఇంగ్లండునకును అమెరికాకును నడుమ టపా మోయు కంట్రాక్టును సంపాదించినవాడు సామ్యూల్ కునార్డు. అతని మొదటి టపా స్టీమరు బ్రిటానియా 1840 జూలై 4వ తేదీన లివర్పూలు నుండి బయలుదేరెను. రెండేండ్లు గడచిన పిమ్మట, 1842 జనవరిలో, ప్రసిద్ధ నవలారచయిత యగు చార్లెస్ డికెన్సు తన భార్యతో నాయోడ నెక్కెను. లండనులో కంపెనీవారి కచేరి గోడకు వ్రేలాడిన పటమున నాయోడ గది రాజుగారి అంతఃపురమువలె కన్పించెనట. తీరా ఓడలోనికి పోయి చూడగా, పెట్టెలు పెట్టిన మనిషికి చోటు లేదు, మనిషి నిలిచిన పెట్టెలకు చోటు లేదు. పటమునకును గదికిని గల ఈ భేదమును అతడు తన అమెరికా యాత్రాగ్రంథమున పరిహాసముగా వర్ణించినాడు. అనగా ఓడకంపెనీల ప్రకటనలకు ఎంత వయసున్నదో, వానిని నమ్మి ఆశాభంగము పొందుటకును అంత వయసున్నదన్నమాట.

కునార్డు ఓడలు సౌఖ్యమున వెనుకబడినవే గాని జాగరూకతలో వెనుకబడలేదు. అది చాలదని తలచిన అమెరికావారు పోటీకి దిగిరి. ఎడ్వర్డు కాలిన్సు అను నౌకావర్తకుడు 1850లో అట్లాంటికు, పసిఫికు, ఆర్కిటికు, బాల్టికు అను నాలుగు మహానౌకలను నడుప నారంభించెను. అవి కునార్డు ఓడల కంటె పెద్దవి, అంతకు మించి వేగము గలవి. గదులను ఆవిరితో వెచ్చపఱచు ఏర్పాటు, మంచు నిలువజేయు కొట్టు, క్షౌరశాల, విందుభోజనములు మున్నగు సౌకర్యము లెన్నియో వానియందుండెను. ప్రయాణికులు ఆ యోడలకై యెగబడిరి. వేగమునకు బొగ్గు కావలెను. బొగ్గునకు ధనము కావలెను. అమెరికా ప్రభుత్వము 1852లో ఆ కంపెనీకిచ్చు వార్షిక సహాయమును 8 లక్షల 58 వేల డాలర్లకు పెంచెను. ప్రభుత్వము డబ్బిచ్చుచున్నది, ప్రజలు మెచ్చుచున్నారు. ఇంకేమి లోటని లోకమనుకొనెను.

లోటు 1854 సెప్టెంబరు 27వ తేదీన తెలియవచ్చినది. న్యూఫౌండ్లాండు సమీపమున దట్టమైన మంచుపొగలో ఆర్కిటికు నిండువేగముతో పోవుచు, వెస్టా యను చిన్న ఫ్రెంచి స్టీమరుతో ఢీకొనెను. తొలుత అందఱును చిన్నయోడకే ముప్పు వాటిల్లినదని జాలిపడిరి. కొంతసేపటికి తమ యోడ పార్శ్వమే చిల్లిపడి నీరెక్కుచున్నదని తెలిసెను. ఓడలో నాలుగువందల మంది వఱకు నుండిరి. ప్రాణరక్షణ పడవలు ఆఱే. వారిలో సగము మందికైనను చాలునో చాలవో అన్నట్లుండెను. ఆ పడవలను గూడ నావికులును, బలము గలవారును ఆక్రమించుకొని పోయిరి. మూడువందల మందికి పైగా చనిపోయిరి. బ్రతికినవారిలో స్త్రీ యొక్కతెయు లేదు, శిశు వొకటియు లేదు. కంపెనీ యజమానియగు కాలిన్సు భార్యయు, కుమారుడును, కుమార్తెయు ఆ యోడలోనే యుండిరి. వారును సముద్రము పాలైరి. యజమాని తన బిడ్డల నెక్కించిన యోడలోనే చాలినన్ని పడవలు లేకపోవుట గమనింపుడు. అతడు దుర్మార్గుడని నే ననను. పోటీలో మునిగినవాని కన్నులకు గోడకు వేసిన బంగారుపూత కన్పించినట్లు, కట్టవలసిన పడవ కన్పింపదు. 1856లో పసిఫికు గూడ జాడ లేకుండ పోయెను. 1858 నాటికి కంపెనీయే అంతరించినది. దెబ్బ తగిలిన చిన్న వెస్టా మాత్రము మెల్లగా రేవు చేరినది.

ఇది పనిమీద పోవువారి కథ. వేడుకకై పోవుట యెట్లారంభమైనదో యిక చెప్పెదను. టపాలు మోయు పి అండ్ ఓ కంపెనీవారు 1844లో మధ్యధరా సముద్రమున రేవులు చూపు యాత్రల నేర్పఱచి, థాకరే యను రచయితకు ఛార్జీ లేకుండ ప్రయాణ మిచ్చిరి. అతడు జిబ్రాల్టరు, మాల్టా, ఏథెన్సు, కాన్‌స్టాంటినోపులు, కైరో చూచి వచ్చి గ్రంథము వ్రాసెను. నేటి కంపెనీలు పేరుగలవారిని ఉచితముగ తీసికొనిపోయి మెప్పు వ్రాయించుకొను పద్ధతి నాటిదే. 1867లో న్యూయార్కు నుండి క్వేకరు సిటీ అను స్టీమరు పవిత్రభూమికి పోయెను. టిక్కెట్టు 1,250 డాలర్లు. ఒక ప్రసిద్ధ సేనానియు, ఒక ప్రసిద్ధ మతబోధకుడును వెంట వత్తురని ముందుగ చాటిరి. ప్రయాణదినమున ఇద్దఱును రాలేదు. వారి కొఱకు టిక్కెట్టు కొన్నవారు వారు లేకయే పోయిరి. ఆ యాత్రలో పాల్గొన్న మార్కు ట్వేను వ్రాసిన హాస్యగ్రంథము లోకప్రసిద్ధము.

విహారయాత్రను వ్యాపారముగా స్థిరపఱచినవాడు హాంబుర్గు నగరపు ఆల్బర్టు బాలిన్. చలికాలమున అట్లాంటికు దాటువారు తగ్గి, గొప్ప ఓడలు రేవులో ఊరక పడియుండెడివి. కట్టివేసిన యెద్దునకును మేత తప్పదు గదా! ఆ నష్టము చూడలేక అతడు 1891 జనవరిలో ఆగుస్టా విక్టోరియా యను ఓడను 241 మంది ప్రయాణికులతో మధ్యధరా సముద్రమున సుమారు రెండు నెలలు త్రిప్పెను. యాత్ర జయప్రదమయ్యెను. అందుచేత విహారమునకే ప్రిన్‌జెసిన్ విక్టోరియా లూయిజ్ అను నౌకను 1900లో కట్టించెను. 1906 డిసెంబరులో అది జమైకా తీరమున రాళ్ళమీద నెక్కి పగిలినది గాని ప్రయాణికులందఱును రక్షింపబడిరి.

తరువాతి పోటీ కునార్డునకును వైటు స్టారునకును. 1907లో కునార్డువారు లూసిటేనియా, మారిటేనియా అను శీఘ్రనౌకలను దింపిరి. వేగమున వారిని గెలువలేమని యెఱిగి వైటు స్టారువారు పరిమాణమును, సౌఖ్యమును నమ్ముకొనిరి. అట్లు పుట్టినదే టైటానికు. 1912 ఏప్రిలున దాని గతి యేమయ్యెనో పసివారికి గూడ తెలియును. కాని దానిలోని పడవల లెక్క చాలమందికి తెలియదు. పడవలు 20, వానిలో పట్టువారు 1,178 మంది. ఓడలో నున్నవారు 2,200 మంది. అది చట్టవిరుద్ధమా? కాదు. పదివేల టన్నులకు మించిన యోడకు 16 పడవలు చాలునని నాటి ఇంగ్లీషు నిబంధన. ఓడ 46 వేల టన్నులది. ఓడలు పెరిగినవి, చట్టము పెరుగలేదు. సుమారు 1,500 మంది మరణించిరి. మిగిలిన ఏడువందల మందిని వెదకి యెక్కించుకొన్న కార్పేథియా పోటీ కంపెనీయగు కునార్డువారిది! సముద్రమున ఆపద వచ్చినపుడు పోటీదారుడే దిక్కైనాడు.

ఆర్కిటికు మునిగిన 58 ఏండ్లకు మరల అదే పాఠము. ప్రయాణికుడు గదిని చూచి, భోజనమును చూచి, ఛార్జీని చూచి కంపెనీని ఎన్నుకొనును. కావున కంపెనీలు వానియందే పోటీపడును. పడవలను లెక్కించి టిక్కెట్టు కొన్నవాడు లేడు. అందుచేత పడవలయందు పోటీ లేదు. ఆ కొఱత తీర్చినది పోటీ కాదు, చట్టము. 1914 జనవరిలో రాజ్యముల ప్రతినిధులు లండనులో ఒడంబడిక చేసికొని, ప్రతి మనిషికిని పడవలో చోటుండవలెననియు, రేడియో వద్ద రాత్రింబగళ్ళు మనిషి కాచియుండవలెననియు నిర్ణయించిరి. నేటి ఓడ రక్షణనిబంధనలకు మూలము ఆ ఒడంబడికయే.

మన తీరమునకును ఈ చరిత్రలో భాగము కలదు. మన తాతముత్తాతలలో అనేకులు కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడలపై రంగూను పోయినవారే. వారిలో ఎక్కువమంది డెక్కుమీద ఎండకును వానకును ఓర్చి కూర్చున్నవారే. వారికి ఎన్నికయన్నది దాదాపు లేదు. ఎన్నిక కల్పింపజూచినవాడు వి. ఓ. చిదంబరం పిళ్ళె. అతడు 1906లో స్వదేశీ నౌకాసంఘము స్థాపించి తూత్తుకుడి కొలంబోల నడుమ ఓడలు నడపెను. పాత కంపెనీవారు ఛార్జీని తెగ్గోసిరి. నష్టమునకోర్చు శక్తి వారికున్నది, అతనికి లేదు. 1908లో అతడు కారాగారము పాలయ్యెను. 1911 నాటికి సంఘము మూతబడెను. చౌక ఛార్జీ యెల్లపుడును ప్రయాణికుని మేలుకొఱకే కాదని ఇందువలన తెలియుచున్నది.

1958లో జెట్టు విమానములు అట్లాంటికును గంటలలో దాటసాగిన తరువాత, దాటించు ఓడలకు పని పోయినది. పని పోయిన ఓడలే విహారమునకు మరలినవి. 1966లో సన్‌వార్డు అను ఓడ అమెరికాలోని మయామి రేవునుండి కరీబియను ద్వీపములకు యాత్రలు మొదలిడెను. 1968లో రాయల్ కరీబియను, 1972లో కార్నివాలు పుట్టినవి. కార్నివాలు మొదటి ఓడ మొదటి యాత్రలోనే మయామి వద్ద ఇసుకమేట మీద చిక్కుకొనెను. ఐనను చౌక టిక్కెట్టుతో మధ్యతరగతి కుటుంబముల నాకర్షించి ఆ కంపెనీ బలిసినది. ఎంత బలిసినదనగా, 1989లో హాలండు అమెరికాను, 1998లో కునార్డును కొని, 2003లో పి అండ్ ఓ ప్రిన్సెస్‌తో ఏకమైనది. అంగడిలో నాలుగు పేర్లు కన్పించినను పెట్టె యొక్కటే కావచ్చును. బేరమాడుటకు ముందు ఇది తెలిసికొనుట మంచిది.

చౌక టిక్కెట్టులో మఱియొక మర్మము కలదు. ఓడ యెక్కిన పిమ్మట పానీయములకు, జూదమునకు, రేవులలో ఊరు చూపుటకు వేఱుగ పుచ్చుకొను సొమ్మే కంపెనీలకు గొప్ప రాబడి. మన సామెతను ఇచ్చట త్రిప్పి చెప్పవలెను: టిక్కెట్టు కొనువఱకు ప్రయాణికుడు ఓడమల్లయ్య, ఓడ కదలిన తరువాత బోడిమల్లయ్య.

ఇటీవలి రెండు సంగతులు చెప్పి ముగించెదను. 2012 జనవరి 13న ఇటలీలోని జిల్యో ద్వీపమువద్ద కోస్టా కంకార్డియా రాతికి తగిలి ఒరిగి 32 మంది చనిపోయిరి. ఆ దినము ఎక్కినవారికి ఆపత్కాలమున ఎక్కడ గుమికూడవలెనో ఇంకను నేర్పలేదు. 24 గంటలలోపల నేర్పిన చాలునని నాటి నిబంధన. పిమ్మట దానిని సవరించి, ఓడ బయలుదేరునపుడే నేర్పవలెననిరి. 2020లో జపానులోని యోకొహామా రేవున డైమండు ప్రిన్సెస్ ఓడలో 3,711 మందియుండగా 712 మందికి కరోనా వ్యాధి సోకెను. వారిలో వృద్ధులు అనేకులు. గాలి చొరని లోపలి గదులలోనున్నవారు దినములతరబడి వెలుగు చూడక గడపిరి.

కావున మీ బిడ్డలు రెండు కంపెనీల ప్రకటనపత్రములు తెచ్చి, ఏది మంచిదని మిమ్ములనడిగినపుడు, ఈతకొలను ఎంత పెద్దదో అడుగకుడు. కంపెనీ యజమాని యెవరు? ఓడ ఏ దేశపు జెండా క్రింద నడచును, తగవు వచ్చిన ఏ న్యాయస్థానమునకు పోవలెను? టిక్కెట్టులో చేరినవేవి, చేరనివేవి? యాత్ర రద్దయిన సొమ్ము మరల వచ్చునా? 2019లో ముంబయిలో ఆరంభమైన జలేష్ అను విహారనౌకా సంఘము 2020లోనే మూతబడినది గదా! ఓడలో వైద్యుడున్నాడా, వైద్యపు ఖర్చెవరిది? ఆ నెలలో ఆ సముద్రమున తుపానులు పట్టునా? ఈ ప్రశ్నలడుగుడు. ఓడ యెక్కిన దినమున ప్రాణరక్షణ శిక్షణకు పిలిచినపుడు మనుమలను చేయిపట్టుకొని ముందుగ పొండు. ఎద్దును కొనునపుడు కొమ్ములకు పూసిన రంగు చూచి కొనువాడు మీలో లేడు. పండ్లు చూతురు, నడక చూతురు, అమ్మువాని నడవడి చూతురు. ఓడకును ఆ చూపే చాలును. విహారము వేడుకకొఱకే, ఆ వేడుక తీరి పిల్లలతో క్షేమముగ ఇల్లు చేరుటయే దాని ఫలము.