వంశధార చివరి ఊరు



ఆ రోజు తరగతిలో ప్రపంచ చరిత్ర పాఠం. గోడకు పటం తగిలించి అలెగ్జాండ్రియా నగరం గురించి చెబుతున్నాను. ఆఫ్రికా ఖండానికి ఉత్తరాన, నైలు డెల్టాకు పడమటి అంచున, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న ఊరు అది. క్రీస్తు పూర్వం 331లో అలెగ్జాండర్ వేయించిన పట్నం. అక్కడి దీపస్తంభం ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటి. ఇదంతా చెబుతూ ఉంటే వెనక బల్ల మీద కూర్చున్న ఒక పిల్లవాడు లేచి నిలబడ్డాడు. ఇంట్లో సవర, బడిలో ఒడియా, సంతలో తెలుగు మాట్లాడే పిల్లవాడు.

"మాస్టారూ, నైలు నది చివర అంత పెద్ద పట్నం ఉంది కదండీ, మన వంశధార చివర ఏముందండి?" అని అడిగాడు.

కళింగపట్నం అని పేరు చెప్పి ఊరుకున్నాను. అంతకు మించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎక్కడో ఆఫ్రికాలోని దీపస్తంభం భూకంపాలకు కూలిపోయింది పద్నాలుగో శతాబ్దంలో అని నాకు కంఠతా వచ్చు. మన ఊళ్ళ పక్కనుంచి పారే నీళ్ళు చేరే రేవును మాత్రం అంతవరకు కళ్ళతో చూడలేదు. ఆ సిగ్గుతోనే, సెలవులు ఇవ్వగానే ఆ పిల్లవాణ్ణీ వాళ్ళ నాన్ననూ వెంటబెట్టుకుని బయలుదేరాను. ఆ యాత్రలో చూసినవీ, చూశాక చదివి తెలుసుకున్నవీ ఈ పూట మీతో పంచుకుంటాను.

పద్మపూర్ నుంచి గుణుపురానికి బస్సు. అక్కడి నుంచి రెండు దారులు. పర్లాకిమిడి మీదుగా నౌపడా చేరే రైలు ఒకటి. పర్లాకిమిడి దాకా 1900లో, గుణుపురం దాకా 1931లో వేసిన చిన్న గేజి మార్గమే ఇప్పుడు పెద్ద గేజి అయింది. రెండోది నది వెంట పోయే రోడ్డు దారి. మాది నది యాత్ర కనుక రోడ్డు దారే పట్టాము. కొత్తూరు, హిరమండలం దాటి వెళ్తే ముఖలింగం వస్తుంది.

ముఖలింగం వంశధార ఎడమ గట్టున ఉంది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ చూడవలసినవే. మధుకేశ్వరుడంటే ఇప్పచెట్టు దేవుడు. సవరలు ఇప్పచెట్టును నరకబోతే అందులోనుంచి స్వామి ముఖం కనిపించిందని అక్కడి స్థలపురాణం. ఈ కథ వినగానే మా పిల్లవాడి తండ్రి చెప్పులు ఇంకొంత దూరంలో విడిచి, గుడి గడపకు రెండోసారి మొక్కాడు. "మా వాళ్ళ దేవుడే అన్నమాట మాస్టారూ" అన్నాడు.

ఆ మాటలో చరిత్ర కూడా ఉంది. ఇక్కడ ఏలిన గాంగ వంశంలోని అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో సింహాసనం ఎక్కాడు. ఆయనే తరువాత రాజధానిని కటకం వైపు మార్చి, పూరీలో జగన్నాథుని మహాలయం కట్టడానికి పూనుకున్నాడు. ముఖలింగం గోడల మీద ఆ వంశపు రాజుల కాలం నాటి తెలుగు శాసనాలు ఉన్నాయి. కనుక పూరీ గుడి ఒడియా వారిదీ, ముఖలింగం గుడి తెలుగు వారిదీ అని పంచుకోవడం మనం తరువాత చేసిన పని. కట్టించిన వారికి ఆ పంపకం తెలియదు.

అక్కడి నుంచి నది కిందికి వస్తే శాలిహుండం. ఇది కళింగపట్నానికి పది కిలోమీటర్ల లోపలే, వంశధార కుడి గట్టున ఉన్న కొండ. కొండ మీద ఇటుకల స్తూపాలు, ఒక చివర గుండ్రంగా ఉండే చైత్యగృహాలు, భిక్షువుల విహారాల పునాదులు ఉన్నాయి. తవ్వకాల్లో ధాతువుల కరండాలు, తార, మారీచి విగ్రహాలు బయటపడ్డాయి. క్రీస్తు పూర్వం నుంచి మధ్యయుగం దాకా, వెయ్యేళ్ళకు పైగా ఇక్కడ బౌద్ధులు ఉన్నారని చెబుతారు. పైకెక్కి నిలబడితే ఒక పక్క నది, పచ్చని వరి మళ్ళు, తూర్పున సముద్రం మెరుపు. దూరం నుంచి వచ్చే ఓడకు ఈ కొండ మీది తెల్లని స్తూపమే గుర్తుగా ఉండేదేమో అని నాకు అనిపించింది. అది నా ఊహ మాత్రమే.

ఈ స్థలాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినది ఎవరో తెలుసా? గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వాడుక భాష ఉద్యమ నాయకుడిగా ఆయనను అందరూ ఎరుగుదురు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. 1863లో ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడి బడిలో పంతులుగా చేరిన మనిషి. గురువు లేకుండా శాసనాల లిపి నేర్చుకున్నారు. సవరల ఊళ్ళు తిరిగి వారి భాష నేర్చుకుని, వారి పిల్లల కోసం ఆ భాషలో పాఠాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. ఈ సంగతి కొండ మీదనే మా పిల్లవాడికి చెప్పాను. "మా మాటలకు నిఘంటువు ఉందా అండీ?" అన్నాడు. బుద్ధుడి స్తూపం కంటే వాడికి అదే పెద్ద వింత అయింది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అందులో కలిసింది. దానికి ఒప్పుకోని గిడుగువారు, యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. 1940లో కన్నుమూశారు. అదే రోజున విశాఖపట్నం ఏజన్సీలో ఉన్న మన కొరాపుట్, గుణుపురం ప్రాంతాలు కూడా ఒరిస్సాలోకి వచ్చాయి. అలా ఒకే నదికి పై భాగం ఒక రాష్ట్రం, కింది భాగం ఒక రాష్ట్రం అయ్యాయి. ఆనాటి మంచి చెడ్డలు తేల్చడం నా పని కాదు. కానీ గీత గీసింది పాలన కోసం. మనం ఆ గీతను మన పిల్లల చరిత్ర పాఠం మీద కూడా గీసేశాము. అటు పిల్లలకు పద్మపూర్ జగమండ కొండ తెలియదు, ఇటు పిల్లలకు శాలిహుండం తెలియదు. జగమండ కొండ మీద ఏడో శతాబ్దపు శాసనం ఉందనీ, బౌద్ధ తర్కశాస్త్రవేత్త ధర్మకీర్తి విహారం అక్కడే ఉండేదనీ మన వైపు చెబుతారు. ఆ కొండా ఈ కొండా వంశధార లోయలోని కొండలే. భిక్షువులు నడిచిన దారి ఈ లోయే అయి ఉండాలి కదా.

శాలిహుండం తవ్వకాల్లో ఒక రకం పళ్ళెపు పెంకులు దొరికాయి. లోపలి అడుగున చిన్న చిన్న గాట్లు వలయాలుగా ఉంటాయి. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో 1945లో వీలర్ దొరగారు ఇటువంటివి చూసి, రోము వర్తకంతో ముడిపెట్టారు. తరువాత మట్టిని పరీక్షించిన వారు ఇవి మన దేశంలో చేసినవేనని తేల్చారు. ఆసక్తికరమైన సంగతేమిటంటే, ఎర్ర సముద్రం ఒడ్డున ఈజిప్టులో ఉన్న బెరెనికె అనే పాత రేవులో కూడా ఇవి దొరికాయి. అదే బెరెనికెలో ఒక గుడి ఆవరణలో మన దేశపు జాడీ నిండా ఏడున్నర కిలోల మిరియాలు దొరికాయి. 2022లో పాలరాతి బుద్ధ విగ్రహం ఒకటి బయటపడింది. మన దేశపు సరుకు బెరెనికెలో దిగి, ఒంటెల మీద ఎడారి దాటి, నైలు నది పడవల్లో అలెగ్జాండ్రియా చేరేది. మా తరగతి గోడ మీది పటంలో ఎంతో దూరంగా కనిపించిన ఊరు, ఆ పెంకు చేతిలో ఉన్నవాడికి దూరం కాదన్నమాట.

అలెగ్జాండ్రియా వారు కూడా మన తీరాన్ని ఎరుగుదురు. మొదటి శతాబ్దంలో ఈజిప్టు నుంచి ఓడ వ్యాపారం చేసిన పేరు తెలియని ఒక గ్రీకు, తన సముద్రయాన గ్రంథంలో మసాలియా సన్నబట్టల గురించీ, ఆ పైన దొసరేనె దేశపు ఏనుగు దంతాల గురించీ రాశాడు. మసాలియా మన కృష్ణా తీరం. దొసరేనె ఒడిశా తీరమని చాలామంది పండితుల మాట. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని ప్రపంచ పటానికి లెక్కలు కట్టిన టోలమీ, మన తీరం మీద పలూర అనే ఊరు పేరు రాశాడు. అక్కడికి దగ్గరలోనే ఓడలు తీరం విడిచి, బంగారు భూమి కోసం నడి సముద్రంలోకి తిరుగుతాయని కూడా రాశాడు. బంగారు భూమి అంటే తూర్పు దీవులు, మలయా వైపు దేశాలు. పలూర గంజాం జిల్లా పాలూరని కొందరంటారు. ఫ్రెంచి పండితుడు సిల్వ్యాఁ లెవీ, పల్లు అంటే దంతం, ఊరు అంటే పురం, కనుక అది దంతపురమే అన్నాడు. దంతపురం పేరుతో ఒక పాత కోట శిథిలం ఆమదాలవలసకు దగ్గరలో, సరుబుజ్జిలి ప్రాంతంలో ఇప్పటికీ ఉంది. ఏది నిజమైనా, ఆ రేవు మన కళింగ తీరానిదే.

సాయంత్రానికి కళింగపట్నం చేరాము. దీపస్తంభం ఉంది, మదీనా బాబా దర్గా ఉంది, బెస్తవారి పడవలు, వలలు ఉన్నాయి. ఓడలు లేవు. ఇంగ్లీషు వారి కాలంలో ఇక్కడ పెద్ద ఓడలు లోతు నీళ్ళలోనే లంగరు వేసేవి. మేకు లేకుండా కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవల మీద సరుకు వాటికి చేర్చేవారు. మేకులు కొట్టిన పడవ అలల దెబ్బకు పగిలిపోతుంది. కుట్టిన పడవ అలతో పాటు వంగుతుంది. నది మొగ ఇసుకతో పూడుతూ వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం చివర రైలు వచ్చి సరుకును లాక్కుంది. 1933లో విశాఖపట్నం హార్బరు తెరిచాక చిన్న రేవులను అడిగేవారు లేకపోయారు.

అలెగ్జాండ్రియాకూ ఒకప్పుడు ఇదే గతి పట్టింది. నైలు పాయ పూడిపోయి, 1798లో నెపోలియన్ దిగేనాటికి అది చిన్న ఊరు. 1820 నాటికి మహమ్మద్ అలీ కాలువ తవ్వించి నైలు నీళ్ళు తెప్పించాక మళ్ళీ మహానగరమైంది. 2002లో పాత గ్రంథాలయం పేరు మీద కొత్త గ్రంథాలయం కూడా కట్టుకుంది. కళింగపట్నానికి కాలువ తవ్వించమని నేను అడగడం లేదు. ఊరు పూడిపోవడం వేరు, ఊరి జ్ఞాపకం పూడిపోవడం వేరు. రెండోదానికి కాలువ మనమే తవ్వాలి.

ఇంకొక్క మాట. కార్తీక పౌర్ణమి నాడు మన ఒడియా ఇరుగుపొరుగు వారు అరటి దొప్పతో పడవ చేసి, దీపం పెట్టి నీళ్ళలో వదులుతారు. తూర్పు దీవులకు వెళ్ళిన సాధబుల ఓడలకు అది గుర్తు. ఆ అమావాస్య దాటాక పోలి పాడ్యమి నాడు మన తెలుగు ఇల్లాళ్ళూ అరటి దొప్పలో దీపం వదులుతారు. చెప్పుకునే కథలు వేరు. దొప్ప ఒకటే, దీపం ఒకటే. పద్మపూర్, గుదారి, గుణుపురాల్లో మనం వంశధారలో వదిలిన దొప్ప మునిగిపోకుండా సాగితే, చేరేది కళింగపట్నానికే.

వెళ్ళదలచిన వారు కార్తీకం నుంచి మాఘం లోపల వెళ్ళండి. శాలిహుండం కొండ పొద్దున్నే ఎక్కండి, తాగే నీళ్ళు వెంట తీసుకువెళ్ళండి. నది మొగ దగ్గర సముద్రంలోకి దిగవద్దు, అక్కడ లాగుడు ఎక్కువ. స్తూపాల ఇటుకలు, పెంకులు జ్ఞాపకం కోసమని సంచిలో వేసుకోవద్దు. అవి అక్కడుంటేనే మాట్లాడతాయి. అన్నిటికీ మించి, ఒక పిల్లవాణ్ణయినా వెంట తీసుకువెళ్ళండి.

మా పిల్లవాడు సముద్రాన్ని అదే మొదటిసారి చూడడం. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత వెనక్కి తిరిగి, నది వచ్చిన దిక్కుకేసి చూసి, "ఈ నీళ్ళు నిన్న మన ఊరు దాటి ఉంటాయా మాస్టారూ?" అన్నాడు. నిన్నో మొన్నో దాటి ఉంటాయి అన్నాను. బడి తెరిచాక వాడే పటం దగ్గర నిలబడి, వంశధార చివర ఏముందో తరగతికి మూడు భాషల్లోనూ చెప్పాడు. ఈసారి నేను వెనక బల్ల మీద కూర్చుని విన్నాను.