నిన్ను ఉండమన్నదెవరు?

ముందుగా ఒక గందరగోళం తీర్చేస్తాను. హైదరాబాద్ లో మా ఆఫీసు ఉన్నది రాయదుర్గంలో. నేను పుట్టి పెరిగిందీ రాయదుర్గంలోనే. కాకపోతే ఆ రాయదుర్గం వేరు, ఈ రాయదుర్గం వేరు. ఒకదాంట్లో మెట్రో స్టేషనూ, అద్దాల మేడలూ. రెండోది అనంతపురం జిల్లాలో, కర్ణాటక సరిహద్దులో ఉంది. కొండ మీద కోట, కొండ కింద కుట్టుమిషన్లు. "ఊరికెళ్తున్నా, రాయదుర్గం" అంటే మా టీంలో వాళ్ళు "మరి ఇప్పుడున్నదెక్కడ?" అని జోకులేస్తుంటారు. నాకూ అలవాటైపోయింది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా పక్కింటి అక్క ఒక పంచాయితీ తెచ్చింది. ఆవిడ జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో పని చేస్తుంది. ఒక మంగళవారం మూడు గంటలు కరెంటు పోయింది. మిషన్లు ఆగిపోయాయి. ఆ మూడు గంటల కూలీ కోస్తానన్నాడు ఓనరు. సరే అని ఈవిడా ఇంకో ఇద్దరూ బుధవారం గంటన్నర, గురువారం గంటన్నర ఎక్కువ కూర్చుని లెక్క సరిచేశారు. ఓనరు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు, చూస్తూనే ఉన్నాడు. శనివారం బట్వాడా రోజు చూస్తే మూడు గంటలు కోసే ఉన్నాయి. అడిగితే "నేను ఉండమన్నానా?" అన్నాడట.

"నువ్వు పెద్ద చదువులు చదివినోనివి గదా, చెప్పు నాయనా. నేను కుట్టిన ప్యాంట్లు లారీ ఎక్కినాయి. నా కూలి మాత్రం ఎందుకు ఎక్కలే?" అంది అక్క.

నిజం చెప్పాలంటే నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. ఎందుకంటే నేను ఇదివరకు చేసిన ఒక కంపెనీలో సరిగ్గా ఇదే జరిగింది. హాస్పిటల్ పని మీద ఒక శుక్రవారం నాలుగు గంటలు పోయాయి. శనివారం వచ్చి కూర్చుని పని పూర్తి చేశాను. టైంషీటు వెనక్కొచ్చింది. కారణం: ముందస్తు అనుమతి లేదు. సగం రోజు జీతం కట్. నేను శనివారం రాసిన కోడు మాత్రం సోమవారం క్లయింటుకి వెళ్ళిపోయింది. దానికెవరూ అనుమతి అడగలేదు! అప్పట్లో నోరు మూసుకున్నాను. అక్క నోరు మూసుకోలేదు. తేడా అదే.

సరే, విషయానికొద్దాం. చేసిన పనికి కూలి ఇవ్వాలా వద్దా అన్నది పనిని బట్టి తేలాలా, పెత్తనం చేసేవాడి మాటను బట్టి తేలాలా? మా ఊరి చుట్టుపక్కల ఈ ప్రశ్నకి నూటయాభై ఏళ్ళ చరిత్ర ఉంది.

1953 దాకా రాయదుర్గం తాలూకా బళ్ళారి జిల్లాలో భాగం. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్ళారి మైసూరుకి పోయింది, మేం అనంతపురంలో కలిశాం. కాబట్టి 1876-78 నాటి ధాత కరువులో మా ముత్తాతల తాతలు బళ్ళారి జిల్లా లెక్కల్లోనే ఉంటారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ కరువు దెబ్బ బాగా తగిలిన జిల్లాల్లో బళ్ళారి ఒకటి. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది: రోడ్లు, చెరువులు, కంకర కొట్టడం.

1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొరని వైస్రాయి మద్రాసుకి పంపించాడు, ఖర్చు తగ్గించమని. ఈయనే 1874లో బీహారు కరువులో ధారాళంగా బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. అంత డబ్బు తగలేశాడని పైవాళ్ళతో తిట్లు తిన్నాడు. ఆ తిట్లు గుర్తుపెట్టుకున్నట్టున్నాడు. మద్రాసు వచ్చి, మగ కూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలని తేల్చాడు. పౌను అంటే అరకిలో కూడా లేదు. మద్రాసు శానిటరీ కమీషనర్ డాక్టర్ కార్నిష్, కష్టం చేసే మనిషి ఇంత తిండితో బతకలేడని గట్టిగా వాదించాడు. అదే ఏడాది ఆ కూలి పెంచక తప్పలేదు. ఈ లోపల పోయినవాళ్ళు పోయారు.

ఇక్కడ మనం గమనించాల్సింది అంకె కాదు, దాని వెనకున్న ఆలోచన. ఎంత పని చేశావు అన్నది ఆ లెక్కలో లేదు. ప్రాణం నిలవడానికి ఎంత చాలు అన్నదే లెక్క. అంటే కూలి బాకీ కాదు, దయ. దయ అన్నాక ఇచ్చేవాడి ఇష్టం, తగ్గించేదీ ఆయన ఇష్టమే. "నేను ఉండమన్నానా?" అన్న మాట పుట్టింది ఈ మట్టిలోనే అని నాకనిపిస్తుంది.

దయ బాకీగా మారడానికి చాలా కాలం పట్టింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ రోజుకి తొమ్మిది గంటలు, లేదా వారానికి నలభై ఎనిమిది దాటితే రెట్టింపు కూలి ఇవ్వాలంది. ఫ్యాక్టరీ సంగతి సరే, కరువు పని మాటేంటి? అది తేలడానికి 1983 దాకా ఆగాల్సొచ్చింది. రాజస్థాన్ లో కరువు పని కింద రోడ్డు వేసిన కూలీలకి కనీస వేతనం కంటే తక్కువ ముట్టింది. కరువు పనులకి కార్మిక చట్టాలు వర్తించవని ఆ రాష్ట్రం 1964లోనే ఒక చట్టం చేసిపెట్టుకుంది మరి. సంజిత్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపు కనీస వేతనం విషయంలో చెల్లదంది. కూలీలు ఆకలితో ఉన్నారు కదా అని ప్రభుత్వం వాళ్ళ శ్రమని తక్కువకి తీసుకోకూడదు, అలా తీసుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే అని తీర్పు. టెంపుల్ దొరకి నూటయారేళ్ళు ఆలస్యంగా అందిన జవాబు అది.

తర్వాత 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశం మొత్తానికి మొదలైంది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. మాది వర్షం నమ్ముకుంటే గడవని సీమ. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వెళ్తే ఇసుక దిబ్బలు పొలాల మీదికి పాకుతుంటాయి. అలాంటి చోట పని హక్కు అనడం చిన్న విషయం కాదు.

కానీ హక్కు వచ్చినా పని ఉన్నట్టు ఒప్పుకునేది మస్టరు. మస్టర్లో పేరు లేకపోతే నువ్వు తవ్విన మట్టి నువ్వు తవ్వనట్టే. 2023 జనవరి నుంచి రోజుకి రెండుసార్లు ఫోటో తీసి యాప్ లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే? గుంత కళ్ళ ముందే ఉంటుంది, హాజరు మాత్రం ఉండదు. ఆ పథకం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది. చట్టం మారినా ఈ ప్రశ్న మారదు. ఇలాంటి సిస్టంలు రాసేది మనమే కాబట్టి చెప్తున్నా: రికార్డులో లేదు కాబట్టి పని జరగలేదు అనే లాజిక్ మన కోడులోంచే పుడుతుంది. కనీసం తప్పు సరిదిద్దుకునే బటన్ ఒకటి పెట్టొచ్చు కదా!

మనవాళ్ళు ఎక్కువగా ఉన్న అమెరికాలో అక్క ప్రశ్నకి సూటిగా జవాబుంది. అక్కడి 1938 చట్టం ప్రకారం యజమాని చేయించిన పనే కాదు, చూస్తూ చెయ్యనిచ్చిన పని కూడా పనే. అనుమతి లేని పని వద్దనుకుంటే ఆపే బాధ్యత యజమానిదే. రూలు మీరినందుకు మందలించొచ్చు, కానీ జరిగిన పనికి డబ్బు ఎగ్గొట్టకూడదు. దీనికి ఒక హద్దూ ఉంది. 1981లో ఒక అప్పీలు కోర్టు, యజమానికి తెలియకుండా కావాలని గంటలు దాచిపెట్టినవాడికి ఇవ్వక్కర్లేదంది. న్యాయమే. (అన్నట్టు, మనం మురిసిపోనక్కర్లేదు. ఓవర్‌టైం విషయంలో కంప్యూటర్ ఉద్యోగులకి 1990ల్లోనే అక్కడ మినహాయింపు పెట్టేశారు.)

"అలా అయితే ఎవడు పడితే వాడు రాత్రిదాకా కూర్చుని డబ్బులడుగుతాడు కదా" అని మీలో మేనేజర్లు అనొచ్చు. సబబైన మాటే. కానీ ఇంటికి పొమ్మనే అధికారం ఎవరి చేతిలో ఉంది? పొమ్మనకుండా, పని తీసుకుని, సరుకు అమ్ముకుని, ఆఖర్న అనుమతి గుర్తొస్తే ఎలా?

మరి మన దేశంలో ఇప్పుడు? 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి. మామూలు పనిగంటలు దాటితే రెట్టింపు కంటే తగ్గకుండా ఇవ్వాలని వేతనాల కోడ్ అంటుంది. ఇది కనీస వేతనం నిర్ణయించిన పనులకి. పరిమితి లోపలే సర్దుకున్న గంటలైతే రెట్టింపు రాదు, కానీ మామూలు కూలి రావాలి కదా. నాకు బాగా నచ్చినవి ఇంకో రెండు. జీతం ముట్టలేదని క్లెయిం వేస్తే, ఇచ్చానని రుజువు చేసే బరువు యజమానిది. కోడ్ కింద వచ్చే హక్కు వదులుకుంటున్నానని మనం సంతకం పెట్టినా ఆ కాగితం చెల్లదు.

ఇక మన ఐటీ వాళ్ళకి దుకాణాలు, సంస్థల చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వాలు ఏళ్ళ తరబడి మినహాయింపులిస్తూ వచ్చాయి. 2025 జులైలో తెలంగాణ, వాణిజ్య సంస్థల్లో రోజుకి పది గంటల దాకా పని చేయించుకోవచ్చంది. వారానికి నలభై ఎనిమిది దాటితే మాత్రం ఓవర్‌టైం ఇవ్వాలి. మీ టైంషీట్లో నలభై దాటితే తీసుకోకపోవడం, మీ వారంలో అరవై ఉండటం, రెండూ ఒకేసారి ఎలా నిజమవుతున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? నేను ఆలోచించలేదు, అక్క అడిగేదాకా.

అక్కకి నేను చెప్పింది ఒకటే. ఒక నోటుబుక్కు పెట్టుకో, ఎన్నింటికి వచ్చావు, ఎన్నింటికి పోయావు, ఎన్ని కుట్టావు, రోజూ రాయి అని. ఆవిడ రాస్తోంది. మొన్న ఫోన్ చేస్తే ఇంకో సంగతి చెప్పింది. మళ్ళీ కరెంటు పోయి, మళ్ళీ సాయంత్రం ముగ్గురూ కూర్చున్నారట. ఓనరు అటుగా వస్తే అక్క తలెత్తి అడిగేసిందట: "మేముండేది వద్దంటే ఇప్పుడే మిషన్లకి కరెంటు ఆపేయప్పా, ఇంటికి పోతాం. ఆపకపోతే రాసుకో."

నేను ఇన్ని చట్టాలు చదివి తేల్చింది ఆవిడ రెండు ముక్కల్లో చెప్పేసింది. ఓనరు కరెంటు ఆపలేదట. ఆ వారం గంటలు రాసుకున్నాడట. సంక్రాంతి నాటి మూడు గంటలు మాత్రం ఇంకా బాకీయే.