సి.ఆర్.రావు రోడ్డు, ఒక సమాకలని

గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని పోయే దారి పేరు ప్రొఫెసర్ సి.ఆర్.రావు రోడ్డు. మాదాపూర్‌లో ఇంటర్ సెకండియర్‌కు మ్యాథ్స్ 2బి చెప్పే నేను ఆ పేరును నిశ్చిత సమాకలనుల పాఠంలోనే ఎత్తుతాను. గణాంక శాస్త్రవేత్తే అయినా ఆయన్ను స్టాటిస్టిక్స్ వాళ్లకే వదిలేయడం నాకిష్టం లేదు.

ఆ పాఠంలో ఎప్‌సెట్‌కు మేం నూరిపోసే కిటుకు ఒకటుంది. సైన్‌ను సైన్, కాస్‌ల మొత్తంతో భాగించి, సున్నా నుంచి పై బై టూ దాకా సమాకలనం చేయాలి. ఎక్స్ స్థానంలో పై బై టూ మైనస్ ఎక్స్ రాస్తే పైనున్న సైన్ కాస్ అవుతుంది. రెంటినీ కూడితే లోపల ఒకటే మిగులుతుంది. జవాబు పై బై ఫోర్. పిల్లలు దీన్ని ‘కింగ్ ప్రాపర్టీ’ అంటారు.

లైబ్నిజ్ పేరుతో చెలామణి అయ్యే ఇంకో పద్ధతి ఉంది: సమాకలని గుర్తు లోపలికి వెళ్లి, అందులోని పరామితితో అవకలనం చేయడం. స్కూల్లో మాస్టారిచ్చిన పుస్తకంలో దీన్ని నేర్చుకున్న భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ జీవితమంతా వాడుకున్నాడు. మన సిలబస్‌లో మాత్రం దీనికి చోటు లేదు. నేను రావుగారి పేరెత్తేది దీనికోసమే.

రావుగారు 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో తెలుగింట పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖలలో చదివారు. తెల్లవారుజామున నాలుగింటికే తల్లి లక్ష్మీకాంతమ్మ లేపి దీపం వెలిగించేవారట. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎం.ఏ. అయ్యాక కలకత్తా చేరారు. అక్కడ ఆయన పాఠం చెబుతుండగా దండేకర్ అనే విద్యార్థి లేచి, అంచనా విస్తృతికి పెద్ద నమూనాలలో గణాంకవేత్త ఫిషర్ చూపిన కనిష్ఠ హద్దు చిన్న నమూనాలకూ ఉందా అని అడిగాడు. ఆ రాత్రే కూర్చుని రావుగారు రుజువు తేల్చేశారు. 1945లో అది అచ్చయింది.

ఆ రుజువుకు ఆయువుపట్టు పైన చెప్పిన లైబ్నిజ్ పద్ధతే. సంభావ్యతా సాంద్రత మొత్తం సమాకలని ఒకటి. అందులోని తెలియని పరామితి థీటాతో అవకలనం చేస్తే కుడివైపు సున్నా. పక్షపాతం లేని అంచనా సగటు థీటా, దాన్ని అవకలనం చేస్తే ఒకటి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి కోషీ-ష్వార్జ్ అసమానత వాడితే, పక్షపాతం లేని ఎంత తెలివైన అంచనాకైనా విస్తృతి, నమూనా థీటా గురించి ఎంత చెబుతుందో కొలిచే ఫిషర్ సమాచారపు విలోమం కన్నా తగ్గదని తేలిపోతుంది. సాంద్రత విస్తరించే హద్దులే థీటాతో మారిపోతే మాత్రం ఈ లెక్క చెల్లదు. పిల్లలు తప్పక పట్టుకోవలసిన మెలిక అది. 1946లో స్వీడన్ గణితజ్ఞుడు క్రామర్ కూడా విడిగా ఇదే ప్రచురించాడు కాబట్టి ఇద్దరి పేర్లూ కలిసి నిలిచాయి.

2బి చెప్పే తోటి లెక్చరర్లను ఒకటి కోరుతున్నాను. సిలబస్‌లో లేకపోయినా ఒక్క పీరియడ్ ఈ లైబ్నిజ్ పద్ధతికివ్వండి. ఈ టు ది పవర్ మైనస్ ఏఎక్స్‌ను సున్నా నుంచి అనంతం దాకా సమాకలనం చేస్తే ఒకటి బై ఏ వస్తుందని రాసి, ఇరువైపులా ఏతో అవకలనం చేయించండి. అది వచ్చిన పిల్లలకు రావుగారి రుజువు అందుతుంది.