లేటెక్స్ పరుపుకు పట్టీల మంచం

రబ్బరు పాలను నురగగా గిలక్కొట్టి, అచ్చులో ఉడికించి చేసే లేటెక్స్ పరుపుకు ఆధారంగా, అడ్డంగా చెక్క పట్టీలు పరిచిన మంచం ఇది. భీమ్‌గల్ వంటి నిజామాబాద్ జిల్లా ఊళ్లలో పాత నులక, నవారు మంచాలకు గాలి బాగా ఆడేది; వాటిపై ఈ పరుపు వేస్తే మాత్రం నడుమ కుంగుతుంది. సామాన్లు దాచుకునే ప్లైవుడ్ పెట్టె మంచం కుంగదు గానీ, గాలి ఆడక వానాకాలంలో పరుపు అడుగున చెమ్మ చేరి బూజు పట్టవచ్చు. పట్టీల మంచంతో ఈ రెండు ఇబ్బందులూ తప్పుతాయి; అయితే పట్టీల మధ్య సందు 7 సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే పరుపు అందులోకి దిగుతుంది. లేటెక్స్ మామూలు ఫోమ్ కన్నా బరువు కనుక, డబుల్ మంచానికి నడుమ దూలం, దాని కింద కాలు తప్పనిసరి. చెక్కల్లో టేకు మేలు; అయితే సరిగా ఆరని చెక్క ఏదైనా వంగుతుంది. విల్లులా వంచిన ఖరీదైన పట్టీలు అనవసరం, సాగే గుణం పరుపులోనే ఉంది. సందు కొలత వడ్రంగికి ముందే చెప్పాలి.