ధ్వని మార్పు, సామాజిక విలువ: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాడుక

ఒకే మాటను ఒకే ఊరివారు రెండు మూడు విధాలుగా పలికినప్పుడు ఆ రూపాలను వైకల్పికాలు అంటారు. వాటిలో ఏది ఎప్పుడు వినిపిస్తుందన్నది మాట్లాడేవారి చదువు, వృత్తి, వయసు, ఎదుటివారితో ఉన్న చనువు వంటి వాటిని బట్టి మారుతుందని సామాజిక భాషాశాస్త్రం నిరూపించింది. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాడుకను గమనిస్తే మరొక సంగతి కూడా తేటపడుతుంది: ఒక ఉచ్చారణకు గౌరవమో చిన్నచూపో దక్కేది ధ్వని గుణాన్ని బట్టి కాదు, దాన్ని పలికే వర్గాన్ని బట్టి.

ప్రొద్దుటూరు పేరే ఇందుకు మంచి ఉదాహరణ. రాతలో ఊరు ప్రొద్దుటూరే అయినా బంగారు వర్తకులూ, అధ్యాపకులూ, రైతులూ పొద్దుటూరు అనే అంటారు. పదం మొదటి హల్లుకు కింద చేరిన రకారం, అంటే క్రావడి, లోపించడం తెలుగులో ఏనాటి నుంచో సాగిన మార్పు. క్రింద కింద అయినట్టే ప్రొద్దు పొద్దు అయింది. అచ్చతెలుగు మాటల్లో ఈ మార్పు అన్ని వర్గాలకూ చేరింది కనుక దాన్ని ఎవరూ తప్పుపట్టరు. అదే మార్పు సంస్కృత పదంలో జరిగి ప్రాణం పానం అయితే మాత్రం చదువులేనివారి మాటగా ముద్ర పడుతుంది. నీళ్ళు నీల్లు కావడం, భయం బయం కావడం, శనివారం సనివారం కావడం కూడా ఇలాగే ముద్ర పడిన మార్పులే. ప్రొద్దుటూరుకు చేరువలోని కలమళ్ళలో దొరికిన, క్రీ.శ. 575 ప్రాంతానిదిగా భావించే రేనాటి చోళుల శాసనకాలంలో ఱకారం రకారం నుంచి వేరుగా నిలిచిన ధ్వని. ఈనాడు పండితులు కూడా ఆ భేదాన్ని పలుకులో పాటించరు. అందరూ పోగొట్టుకున్న ధ్వని చరిత్ర అనిపించుకుంటే, కొందరే పోగొట్టుకున్నది దోషం అనిపించుకుంటున్నది.

వచ్చినాడు, ఉండాడు, యాడ వంటి ప్రాంతీయ రూపాల తీరు వేరు. వీటిలో కొన్ని ధ్వనితో పాటు పదనిర్మాణానికీ చెందినవి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వెలువరించిన వ్యవసాయ మాండలిక వృత్తి పదకోశంతో మొదలైన పరిశోధన కడపను దక్షిణ మాండలికంలో చేర్చింది. పై రూపాలు చదువును బట్టి తొలగిపోవు. నీళ్ళు అని స్పష్టంగా పలికే విద్యావంతుడు కూడా ఇంటివారితో "యాడికి పోతాండావు" అనే అంటాడు. వచ్చాడు అన్నది వచ్చినాడు నుంచి సంకోచించిన రూపమే అయినా, మధ్యకోస్తా విద్యావంతుల వాడుక పత్రికలకూ పాఠ్యపుస్తకాలకూ ప్రమాణం కావడంతో పాతరూపమే మోటుగా తోచసాగింది. "సమరసింహారెడ్డి" (1999) తరువాత వరుసగా వచ్చిన ఫ్యాక్షన్ చిత్రాలు రాయలసీమ యాసను కత్తులకూ పగలకూ ముడిపెట్టి ఆ చిన్నచూపును పెంచాయి. ఇది భాషకు జరిగిన అన్యాయమే.

అయితే చిన్నచూపుతో పాటు ఊరిపై మమకారం కూడా ఉచ్చారణపై పనిచేస్తుంది. అమెరికాలోని మార్తాస్ వినియార్డ్ దీవిలో, సొంతగడ్డపైనే నిలవాలనుకునేవారు స్థానిక అచ్చుల ఉచ్చారణను ఎక్కువగా పాటిస్తున్నారని భాషాశాస్త్రవేత్త విలియం లెబోవ్ 1963లో చూపాడు. పులివెందుల చీనీ (బత్తాయి) తోటల్లో స్థిరపడే యువకులనూ, హైదరాబాదు ఉద్యోగాల కోసం చూస్తున్నవారినీ ఈ కోణంలో పోల్చడం అవసరం. ఆ పోలిక కోసం చేసే సేకరణలో చదువు, కులం, వృత్తి వివరాలతో సరిపెట్టుకోక, ఒకే వ్యక్తి అంగట్లో, తరగతిలో, ఇంట్లో పలికిన తీరును విడివిడిగా నమోదు చేయాలి. ప్రశ్నలు అడిగేవారు కోస్తా ఉచ్చారణతో మాట్లాడితే ఉండాడు ఉన్నాడుగా మారే అవకాశం ఉంది కనుక, వారు ఆ ఊరివారే కావాలి.